ఎక్కిన క్లాసు ఎందుకు దిగడం లేదు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపకుండా అందులోకి కొత్త క్లాసులు (ప్రోగ్రామ్‌లోని కోడ్ ముక్కలు) ఎక్కించడం, పాతవాటిని దించేయడం గురించి చిత్తూరు, తిరుపతి జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఎక్కించడం రాక ఇబ్బంది పడుతున్నవాళ్లు తక్కువే. చిక్కంతా దించడం దగ్గరే వస్తోంది. అందుకే మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు ఇచ్చాం. తర్వాతి జవాబులు దాని మీదే ఆధారపడతాయి కాబట్టి దాన్ని ముందు చదవండి.

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. కాటా దగ్గర బిల్లు వేసే ప్రోగ్రామ్ జావా 17లో ఉంది. సీజన్‌లో రాత్రీ పగలూ లారీలు, ట్రాక్టర్లు వస్తూనే ఉంటాయి కాబట్టి దాన్ని ఆపలేం. తోతాపురి ధర, తరుగు లెక్కకట్టే పద్ధతి రోజుకు రెండుసార్లు మారుతుంది. ఆ లెక్క ఉన్న రేటు జార్‌ను (క్లాసులను మూటగట్టిన ఫైలు) ప్రతిసారీ కొత్త యూఆర్ఎల్‌క్లాస్‌లోడర్‌తో (జార్‌లోంచి క్లాసులు ఎక్కించే ఆబ్జెక్టు) ఎక్కించి, పాత లోడర్ ఉన్న వేరియబుల్‌ను నల్ (ఖాళీ) చేస్తున్నాను. అయినా ఐదో రోజు పొద్దున ‘అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్: మెటాస్పేస్’ అని పడిపోతోంది. క్లాసుల వివరాలు ఉండే మెమరీ భాగమైన మెటాస్పేస్‌కు హద్దు 256 ఎంబీ పెట్టాను. పైగా విండోస్‌లో పాత జార్‌ను తీసేయబోతే వేరే ప్రోగ్రామ్ వాడుతోందని అడ్డుపడుతోంది. హద్దు పెంచితే సరిపోతుందా? – చిత్తూరు పాఠకుడు

జవాబు: సరిపోదు. మీరు పంపిన లాగ్ ప్రకారం ప్రోగ్రామ్ మొదలైనప్పుడు మెటాస్పేస్ 40 ఎంబీ ఉంది, జార్ ఎక్కిన ప్రతిసారీ ఇంకో 25 ఎంబీ చేరుతోంది. ఎనిమిదోసారికి 240 అవుతుంది, తొమ్మిదోసారి పట్టదు. రోజుకు రెండు చొప్పున తొమ్మిదోది ఐదో రోజు పొద్దున వస్తుంది. హద్దు 512 చేస్తే ఇదే సంగతి పదో రోజు పొద్దున జరుగుతుంది. అంటే మీరు ఎక్కించిన జార్లలో ఒక్కటీ దిగలేదు.

జావాలో ఫలానా క్లాసును దించు అని చెప్పే ఆదేశమే లేదు. ఒక క్లాసును ఏ లోడర్ ఎక్కించిందో ఆ లోడర్ ఎవరి చేతికీ అందకుండా పోవాలి. అప్పుడు గార్బేజ్ కలెక్టర్ (ఎవరికీ అందని వాటిని మెమరీలోంచి తీసేసే జావా భాగం) ఆ లోడర్‌నూ, అది ఎక్కించిన క్లాసులన్నిటినీ కలిపి ఒకేసారి తీసేస్తుంది. మామూలుగా ఒక్క క్లాసును విడిగా తీయదు. ప్రతి ఆబ్జెక్టూ తన క్లాసును పట్టుకుని ఉంటుంది. క్లాసు తన లోడర్‌ను పట్టుకుంటుంది. లోడర్ తాను ఎక్కించిన ప్రతి క్లాసునూ, వాటి స్టాటిక్ ఫీల్డుల్లో ఉన్నవాటినీ పట్టుకుంటుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, పాత జార్‌లో పుట్టిన 16 బైట్ల ఆబ్జెక్టు ఒక్కటి ప్రధాన ప్రోగ్రామ్‌లో ఏ మూల మిగిలినా దాని వెనకున్న 25 ఎంబీ మొత్తం నిలబడిపోతుంది. మీరు నల్ చేసిన వేరియబుల్ అలాంటి తీగల్లో ఒకటి మాత్రమే.

మీ కోడ్‌లో మిగతా తీగలు మూడు చోట్ల కనిపించాయి.

మొదటిది, ఆ రోజు బిల్లులు దాచే జాబితా. ప్రతి బిల్లులోనూ తరుగు వివరం అనే ఆబ్జెక్టు ఉంది, దాని క్లాసు రేటు జార్‌లో ఉంది. బిల్లులు రోజంతా మెమరీలో ఉంటాయి, మీరు వారం దాకా వాటిని తుడవడం లేదు. దీన్ని సరిచేయడానికి మూడో జార్ ఒకటి చేయండి. రేటు లెక్క ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్‌లు ఉండాలో చెప్పే ఒప్పందం), తరుగు వివరం లాంటి డేటా క్లాసులు మాత్రమే అందులో పెట్టి, దాన్ని ప్రధాన ప్రోగ్రామ్ క్లాస్‌పాత్‌లో (జావా క్లాసులు వెతికే చోట్ల జాబితా) ఉంచండి. రేటు జార్ నుంచి బయటికి వచ్చేవి అంకెలు, స్ట్రింగులు, ఈ మూడో జార్‌లోని రకాలు మాత్రమే కావాలి. ఇందులో ఒక మెలిక ఉంది. రేటు జార్‌లోని క్లాసు ఈ డేటా క్లాసును ఎక్స్‌టెండ్ చేసి ఆ పిల్ల ఆబ్జెక్టును పంపినా, అనానిమస్ క్లాసునో లాంబ్డానో పంపినా మళ్లీ మొదటికే వస్తారు. పైకి రకం మనదిలా కనిపిస్తుంది, లోపలి క్లాసు రేటు జార్‌దే.

రెండోది, రేటు ఫైలు మారిందా లేదా అని చూసేందుకు జార్ లోపల మొదలుపెట్టిన టైమర్ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని). నడుస్తున్న థ్రెడ్‌ను గార్బేజ్ కలెక్టర్ ఎన్నటికీ తీసేయదు, అది పట్టుకున్నదాన్నీ తీసేయదు. ఎనిమిదిసార్లు ఎక్కించారు కాబట్టి ఇప్పుడు మీ ప్రోగ్రామ్‌లో ఎనిమిది టైమర్లు నడుస్తూ ఉంటాయి. థ్రెడ్‌లను చూపే జేస్టాక్‌తో చూస్తే అవన్నీ వరసగా కనిపిస్తాయి. ఇంటర్‌ఫేస్‌లో ‘ఆపు’ అనే మెథడ్ ఒకటి తప్పనిసరి చేయండి. టైమర్‌ను క్యాన్సిల్ చేయడం, ఎగ్జిక్యూటర్‌ను షట్‌డౌన్ చేసి అది ముగిసేదాకా ఆగడం అందులో జరగాలి. ఇంకొకటి: కొత్త థ్రెడ్ తనను పుట్టించిన థ్రెడ్ నుంచి కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌ను (ఆ థ్రెడ్‌లోని కోడ్ క్లాసులు వెతకడానికి వాడే లోడర్) వారసత్వంగా తీసుకుంటుంది. మీరు జార్‌ను పిలిచేముందు కాంటెక్స్ట్ లోడర్‌ను మారుస్తున్నారు, పిలిచాక మళ్లీ పాతది పెట్టడం లేదు. ఆ సమయంలో వేరే లైబ్రరీ ఏదైనా థ్రెడ్ పుట్టిస్తే అది మీ పాత లోడర్‌ను జీవితాంతం మోస్తుంది. ఫైనల్లీ బ్లాకులో వెనక్కి మార్చడం మరవకండి.

మూడోది, రేటు జార్ లోపలే ప్యాక్ చేసిన మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్). డ్రైవర్ క్లాసు ఎక్కగానే డ్రైవర్‌మేనేజర్ దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది. డ్రైవర్‌మేనేజర్ జావాది, ప్రోగ్రామ్ ఉన్నంతకాలం ఉంటుంది. దానికి తోడు ఈ డ్రైవర్ వదిలేసిన కనెక్షన్లను శుభ్రం చేసేందుకు సొంత థ్రెడ్ కూడా పెట్టుకుంటుంది. డ్రైవర్‌ను రేటు జార్‌లోంచి తీసేసి ప్రధాన ప్రోగ్రామ్ క్లాస్‌పాత్‌లో పెట్టడమే మంచి దారి. తీయడం కుదరకపోతే డీరిజిస్టర్‌డ్రైవర్‌ను పిలవాలి, అదీ జార్ లోపలి కోడ్ నుంచే. బయట నుంచి పిలిస్తే సెక్యూరిటీ ఎక్సెప్షన్ వస్తుంది, ఎందుకంటే పిలిచినవారి లోడర్‌కు ఆ డ్రైవర్ కనిపిస్తుందా అని డ్రైవర్‌మేనేజర్ పరిశీలిస్తుంది.

మీ కోడ్‌లో లేకపోయినా చాలామందిని ముంచేది థ్రెడ్‌లోకల్, అంటే ఒక్కో థ్రెడ్‌కు విడిగా దాచే విలువ. పూల్‌లోని (మళ్లీ మళ్లీ వాడుకునే గుంపులోని) థ్రెడ్‌లు చావవు. వాటిలో పెట్టిన విలువ మీ జార్ క్లాసుది అయితే అదీ చావదు. సెట్ చేసిన చోటే, ఫైనల్లీలో, రిమూవ్ చేయాలి. షట్‌డౌన్ హుక్‌లు, జేఎంఎక్స్‌లో (ప్రోగ్రామ్‌ను బయట నుంచి గమనించే ఏర్పాటు) నమోదు చేసిన బీన్లు, ప్రధాన ప్రోగ్రామ్ దగ్గర నమోదు చేసుకున్న లిజనర్లు కూడా ఇదే కోవలోవి.

ఇక జార్ ఫైలు సంగతి. యూఆర్ఎల్‌క్లాస్‌లోడర్‌కు జావా 7 నుంచి క్లోజ్ అనే మెథడ్ ఉంది. అది ఫైలును వదులుతుంది, క్లాసులను దించదు. ఈ రెండూ వేరు వేరు పనులు. క్లోజ్ చేశాక కూడా ఎక్కిన క్లాసులు పనిచేస్తాయి, కానీ అప్పటిదాకా ఎక్కని క్లాసు కావలసివస్తే దొరకదు. అందుకే తొందరపడి క్లోజ్ చేస్తే బిల్లు మధ్యలో నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. అదీ ఎప్పుడూ నడవని దారిలో, ఉదాహరణకు తరుగు మరీ ఎక్కువైన లారీ వచ్చినప్పుడు మాత్రమే. క్లోజ్ చేసినా విండోస్ ఫైలును వదలకపోతే, జార్ లోపలి ఫైలును గెట్‌రిసోర్స్‌తో తెచ్చిన యూఆర్ఎల్ ద్వారా చదువుతున్నారేమో చూడండి. ఆ దారిలో జార్ ఒక క్యాషెలో తెరిచే ఉంటుంది. ఆ కనెక్షన్‌కు యూజ్‌క్యాషెస్‌ను ఫాల్స్ చేయాలి.

మార్పిడి ఈ వరసలో చేయండి. కొత్త జార్‌ను కొత్త పేరుతో పెట్టండి, పాత దాని మీద రాయకండి. కొత్త లోడర్ సృష్టించి, లెక్క ఆబ్జెక్టు తయారుచేసి, తెలిసిన ఒక పాత బిల్లును దానితో వేయించి అంకె సరిపోయిందో చూడండి. తప్పొస్తే పాతదే నడుస్తుంది, లారీ ఆగదు. సరిపోతే అటామిక్‌రిఫరెన్స్‌లో (ఒక్క అడుగులో మార్చగల వేరియబుల్) కొత్తదాన్ని పెట్టండి. పాతదానితో అప్పటికే మొదలైన బిల్లులు ముగిసేదాకా ఆగండి, అందుకు పాతదాని పక్కనే ఒక లెక్కపెట్టే కౌంటర్ చాలు. అది సున్నా అయ్యాక పాతదాని ఆపు మెథడ్, ఆ తర్వాత లోడర్ క్లోజ్, చివరగా నల్.

దిగిందో లేదో ఊహించుకోకుండా కళ్లతో చూడండి. పాత లోడర్‌కు ఒక వీక్‌రిఫరెన్స్ (చూపిస్తుంది కానీ పట్టుకోదు) ఉంచుకుంటే, అది ఖాళీ అయిన రోజు దిగినట్టు లెక్క. పరీక్ష కంప్యూటర్‌లో ఎక్స్‌లాగ్ ఆప్షన్‌కు క్లాస్+అన్‌లోడ్ అని ఇస్తే దిగిన ప్రతి క్లాసు పేరూ రాస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ను జేసీఎండీతో వీఎం.క్లాస్‌లోడర్_స్టాట్స్ అని అడిగితే ఒక్కో లోడర్ ఎన్ని క్లాసులు మోస్తోందో పట్టిక ఇస్తుంది. అందులో యూఆర్ఎల్‌క్లాస్‌లోడర్ వరసలు ఒకటో రెండో ఉండాలి, ఎనిమిది ఉండకూడదు. ఎక్కువుంటే హీప్ డంప్ (మెమరీలోని ఆబ్జెక్టుల నకలు) తీసి ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్‌లో తెరవండి. పాత లోడర్ మీద కుడి క్లిక్ చేసి, జీసీ రూట్ల (కలెక్టర్ వెతుకులాట మొదలుపెట్టే చోట్ల) దాకా దారి చూపమని, వీక్, సాఫ్ట్, ఫాంటమ్ రిఫరెన్సులు వదిలేయమని చెప్పండి. పట్టుకున్నది ఎవరో పేరుతో సహా బయటపడుతుంది. ఒక తీగ తెంచాక మళ్లీ డంప్ తీయండి, దాని వెనక రెండోది ఉంటుంది. మూడు నాలుగు సార్లు చేయకుండా తేలడం అరుదు.

తీగలన్నీ తెగినా క్లాసులు ఆ క్షణమే దిగవు, కలెక్టర్ తన వంతు వచ్చినప్పుడు తీస్తుంది. కాబట్టి పాతది, కొత్తది రెండూ కొంతసేపు కలిసి ఉండేంత చోటు హద్దులో ఉంచండి. మీకు 256 ఎంబీ ధారాళంగా సరిపోతుంది.

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టుగా ప్లగిన్లు ఎక్కించే ప్రోగ్రామ్ రాస్తున్నాం. ‘షేప్‌ను షేప్‌గా మార్చలేం’ అని క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ వస్తోంది. రెండు పేర్లూ ఒకటే, ప్యాకేజీ కూడా ఒకటే. ఇదెలా సాధ్యం? – తిరుపతి విద్యార్థిని

జవాబు: తిరుపతిలో ఏ తరగతి హాజరుపట్టీ తీసినా వెంకటేష్‌లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఇంటిపేరు చూస్తేగానీ ఎవరెవరో తెలియదు. జావాకు క్లాసు ఇంటిపేరు దాని లోడర్. పేరు, లోడర్ రెండూ కలిస్తేనే ఒక క్లాసు. మీ ప్రోగ్రామ్‌లో షేప్ ఇంటర్‌ఫేస్ రెండుసార్లు ఎక్కింది: ఒకటి ప్రధాన ప్రోగ్రామ్ లోడర్‌తో, ఇంకొకటి ప్లగిన్ లోడర్‌తో. ప్లగిన్ క్లాసు రెండో షేప్‌ను అమలు చేస్తోంది, మీరు మొదటిదానికి మారుస్తున్నారు.

మామూలు యూఆర్ఎల్‌క్లాస్‌లోడర్ ముందు తల్లి లోడర్‌ను అడుగుతుంది, అక్కడ లేకపోతేనే తాను వెతుకుతుంది. అందువల్ల ఇలా రెండు ప్రతులు రావడానికి ప్రధాన కారణాలు రెండు. మీరు లోడ్‌క్లాస్‌ను మార్చి రాసి, ప్లగిన్ జార్‌లోనే ముందు వెతికేలా చేసి ఉండాలి. లేదా లోడర్ సృష్టించేటప్పుడు తల్లిగా నల్ ఇచ్చి ఉండాలి. మీ కోడ్‌లో మొదటిది జరిగింది, షేప్ క్లాసు ప్లగిన్ జార్‌లో కూడా ప్యాక్ అయింది. జార్‌ను తయారుచేసే మేవెన్‌లో ఆ డిపెండెన్సీ స్కోప్‌ను ప్రొవైడెడ్ చేస్తే జార్‌లోకి రాదు. ఇంకా గట్టి కాపలా కావాలంటే, మీ లోడర్‌లో ఒప్పందం (ఇద్దరూ పంచుకునే షేప్ లాంటి ఇంటర్‌ఫేస్‌లు) ఉన్న ప్యాకేజీ పేరుతో మొదలయ్యే క్లాసులన్నీ ఎప్పుడూ తల్లికే పంపండి.

అనుమానం వచ్చిన రెండు క్లాసులకూ గెట్‌క్లాస్‌లోడర్ ఏమిస్తుందో, ప్రొటెక్షన్‌డొమైన్‌లోని కోడ్‌సోర్స్ ఏ జార్ పేరు చెబుతుందో ముద్రించి చూడండి. రెండు నిమిషాల పని, చాలా గంటలు మిగులుతాయి. జావా 11 నుంచి ఆ ఎర్రర్ సందేశంలోనే రెండు లోడర్ల పేర్లూ వస్తాయి కాబట్టి దాన్ని చివరిదాకా చదవండి.

మీరు చివర్లో అడిగిన చిన్న ప్రశ్నకు: క్లాస్.ఫర్‌నేమ్ క్లాసును ఎక్కించి దాని స్టాటిక్ బ్లాకును (క్లాసు మొదటిసారి సిద్ధమయ్యేటప్పుడు నడిచే కోడ్) కూడా నడుపుతుంది. లోడర్ మీద లోడ్‌క్లాస్ పిలిస్తే ఎక్కిస్తుంది కానీ స్టాటిక్ బ్లాకు మొదటి వాడకం దాకా నడవదు. ప్లగిన్ల జాబితా చూపించడానికి మాత్రమే అయితే రెండోది వాడండి. స్టాటిక్ బ్లాకు ఒకసారి విఫలమైతే మొదట ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్ వస్తుంది, ఆ తర్వాత ప్రతిసారీ నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. రెండోదాన్ని చూసి జార్ లేదేమోనని వెతక్కండి, లాగ్‌లో పైకి వెళ్లి మొదటిదాన్ని పట్టుకోండి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ బోర్డులను పరీక్షించే ప్రోగ్రామ్ లినక్స్‌లో సీ++తో రాశాం. ఒక్కో బోర్డు మోడల్‌కు ఒక్కో .ఎస్ఓ లైబ్రరీని డీఎల్‌ఓపెన్‌తో ఎక్కిస్తాం. డీఎల్‌క్లోజ్ చేసిన కాసేపటికి ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని ముట్టుకున్న తప్పు) పోతోంది. కొన్ని లైబ్రరీలకేమో డీఎల్‌క్లోజ్ సున్నా ఇచ్చినా పాత కోడే నడుస్తోంది. – రేణిగుంట పాఠకుడు

జవాబు: జావాలో తీగ మిగిలితే క్లాసు దిగదు, నష్టం మెమరీకే. సీ++లో తీగ మిగిలి ఉన్నా లైబ్రరీ దిగిపోతుంది, ఆ తీగ శూన్యంలో వేలాడుతుంది. మీ మొదటి సమస్య అదే.

లైబ్రరీలో పుట్టిన ఆబ్జెక్టు వర్చువల్ టేబుల్ (ఏ మెథడ్ ఎక్కడుందో చెప్పే పట్టిక) ఆ లైబ్రరీలోనే ఉంటుంది, డిస్ట్రక్టర్ కోడ్ కూడా అక్కడే. డీఎల్‌క్లోజ్ తర్వాత డిలీట్ పిలిచినా, షేర్డ్‌పాయింటర్ తన చివరి ప్రతిని అప్పుడు వదిలినా, లేని చోటికి దూకడమే. స్టడ్::ఫంక్షన్‌లో దాచిన లాంబ్డా, లైబ్రరీ విసిరిన ఎక్సెప్షన్‌ను పట్టి దాచుకున్న ఎక్సెప్షన్‌పాయింటర్, లైబ్రరీ ఇచ్చిన స్ట్రింగ్ లిటరల్ పాయింటర్ కూడా అలాంటివే. చివరిది తొందరగా తట్టదు. ‘బోర్డు పేరు’ అని కాన్స్ట్ చార్ పాయింటర్ తిరిగిచ్చే ఫంక్షన్ ఎంత అమాయకంగా కనిపించినా ఆ అక్షరాలు లైబ్రరీలోనే ఉంటాయి. తీసుకున్న వెంటనే సొంత స్ట్రింగ్‌లోకి కాపీ చేసుకోండి.

ప్రతి లైబ్రరీ రెండే ఫంక్షన్లు బయటపెట్టాలి, ఒకటి సృష్టించేది, ఒకటి నాశనం చేసేది. రెండింటికీ ఎక్స్‌టర్న్ సీ పెట్టండి, లేకపోతే కంపైలర్ పేరు మార్చేసి, ఫంక్షన్‌ను పేరుతో వెతికే డీఎల్‌సిమ్‌కు దొరకదు. సృష్టించిన ఆబ్జెక్టును ఆ లైబ్రరీ నాశనం ఫంక్షనే తీసేయాలి. బేస్ క్లాసు డిస్ట్రక్టర్ వర్చువల్‌గా ఉండాలి. లైబ్రరీ థ్రెడ్ ఏదైనా పెట్టుకుని ఉంటే నాశనం ఫంక్షన్ దాన్ని జాయిన్ చేశాకే తిరిగి రావాలి. ఎక్కించేటప్పుడు ఆర్‌టీఎల్‌డీ_నౌ, ఆర్‌టీఎల్‌డీ_లోకల్ వాడండి. లేని సింబల్ ఉంటే అప్పుడే తెలుస్తుంది, పరీక్ష మధ్యలో కాదు. ఒక మోడల్ పేర్లు ఇంకో మోడల్ పేర్లతో కలవవు.

రెండో సమస్యకు కారణాలు కొన్ని. డీఎల్‌ఓపెన్ ఎన్నిసార్లు పిలిస్తే డీఎల్‌క్లోజ్ అన్నిసార్లు పిలవాలి, అది లెక్క పెట్టుకుంటుంది. వేరే లైబ్రరీ దాని మీద ఆధారపడి ఉన్నా దిగదు. లెక్క సరిపోయినా దిగకపోతే జీ++ కంపైలర్ పెట్టే యూనిక్ సింబళ్లను అనుమానించండి. టెంప్లేట్లలోని స్టాటిక్ డేటా, ఇన్‌లైన్ ఫంక్షన్లలోని స్టాటిక్ వేరియబుళ్లకు జీ++ ఈ గుర్తు పెడుతుంది. అలాంటిది ఒక్కటున్నా గ్లిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) ఆ లైబ్రరీని ఇక దించదు. రీడ్‌ఎల్ఫ్‌తో సింబళ్లు చూసి యూనిక్ అన్న మాట వెతకండి. ఎఫ్‌నో-గ్ను-యూనిక్ అనే ఆప్షన్‌తో మళ్లీ కంపైల్ చేస్తే ఆ గుర్తు పోతుంది. నిజంగా దిగిందా అన్నది ప్రోక్ కింద మీ ప్రాసెస్ నంబరు ఫోల్డర్‌లోని మ్యాప్స్ ఫైలు చెబుతుంది. అందులో లైబ్రరీ పేరు ఉంటే అది దిగనట్టే.

మీ స్క్రిప్టులో ఇంకో ప్రమాదం కనిపించింది. కొత్త .ఎస్ఓను సీపీ ఆదేశంతో పాతదాని మీదే రాస్తున్నారు. సీపీ పాత ఫైలునే ఖాళీ చేసి అందులోనే రాస్తుంది. ఆ ఫైలు పేజీలు అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ మెమరీలో ఉంటాయి, కాళ్ల కింది నేల మారిపోయినట్టు అవుతుంది. పక్కన వేరే పేరుతో కాపీ చేసి, ఎంవీతో పేరు మార్చండి. అప్పుడు పాత ఫైలు వాడుతున్నవాళ్లకు పాతదే ఉంటుంది.

డీఎల్‌క్లోజ్ విషయంలో మా గట్టి సలహా: బోర్డుల పరీక్ష లాంటి చోట ఒక్కో మోడల్‌ను వేరే ప్రాసెస్‌లో నడిపి, పైపు ద్వారా ఫలితం తీసుకోండి. ప్రాసెస్ ముగిస్తే దాని లైబ్రరీ, థ్రెడ్‌లు, మెమరీ అన్నీ కెర్నల్ తీసేసుకుంటుంది. ఒక లైబ్రరీ కూలినా పరీక్ష బల్ల నిలబడుతుంది. ఒక లైబ్రరీ కోసం ఇన్ని తీగలు వెతకడం కంటే ఇది చవక.

ప్రశ్న: డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ప్లగిన్లకు యాప్‌డొమైన్ (ఒకే ప్రాసెస్‌లో కోడ్‌ను విడిగా ఉంచి దించగల గది) వాడేవాళ్లం. డాట్‌నెట్ 8కి మారాక యాప్‌డొమైన్ సృష్టించబోతే ప్లాట్‌ఫామ్‌నాట్‌సపోర్టెడ్‌ఎక్సెప్షన్ వస్తోంది. ఇప్పుడు ఏం వాడాలి? – శ్రీసిటీ పాఠకురాలు

జవాబు: అసెంబ్లీలను (డాట్‌నెట్ కోడ్ ఉన్న డీఎల్ఎల్ ఫైళ్లు) ఎక్కించే అసెంబ్లీలోడ్‌కాంటెక్స్ట్. దించే వీలు దానికి డాట్‌నెట్ కోర్ 3.0తో, 2019లో వచ్చింది. సృష్టించేటప్పుడే ఈజ్‌కలెక్టిబుల్‌ను ట్రూ చేయాలి, తర్వాత మార్చలేరు. అన్‌లోడ్ పిలిస్తే దించడం మొదలవుతుందంతే, పూర్తి కాదు. యాప్‌డొమైన్ బలవంతంగా థ్రెడ్‌లను ఆపి దించేది, ఇది చిత్తూరు పాఠకుడికి చెప్పినట్టు అందరూ వదిలేదాకా ఎదురుచూస్తుంది. థ్రెడ్ స్టాక్‌లో ఆ అసెంబ్లీ మెథడ్ ఒక్కటి నడుస్తున్నా, స్టాటిక్ ఈవెంట్‌కు ఒక్క హ్యాండ్లర్ తగిలించి ఉన్నా, టైపుల వివరాలను స్టాటిక్ క్యాషెలో దాచుకునే లైబ్రరీ ఏదైనా మీ టైపును ఒకసారి చూసినా అది దిగదు.

పరీక్షించేటప్పుడు చాలామంది పడే గుంట ఒకటుంది. ఎక్కించడం, వాడడం, అన్‌లోడ్ చేయడం, దిగిందా అని చూడడం అన్నీ ఒకే మెథడ్‌లో రాస్తారు. డీబగ్ బిల్డ్‌లో లోకల్ వేరియబుళ్లు మెథడ్ ముగిసేదాకా బతికే ఉంటాయి కాబట్టి ఎంతసేపు చూసినా దిగనట్టే కనిపిస్తుంది. ఎక్కించి వాడి అన్‌లోడ్ చేసే భాగాన్ని వేరే మెథడ్‌లో పెట్టి, దానికి నోఇన్‌లైనింగ్ గుర్తు తగిలించి, అది ఒక వీక్‌రిఫరెన్స్ మాత్రమే తిరిగిచ్చేలా రాయండి. బయట పదిసార్లు దాకా తిరిగే లూప్‌లో జీసీ.కలెక్ట్, వెయిట్‌ఫర్‌పెండింగ్‌ఫైనలైజర్స్ పిలిచి, ఈజ్‌అలైవ్ ఫాల్స్ అయిందా చూడండి. ఒప్పందం ఇంటర్‌ఫేస్‌లున్న అసెంబ్లీ పేరు వచ్చినప్పుడు మీ లోడ్ మెథడ్ నల్ తిరిగివ్వాలి, అప్పుడు ప్రధాన ప్రోగ్రామ్ ప్రతినే అందరూ వాడతారు. డీఎల్ఎల్ ఫైలు లాక్ కాకూడదంటే లోడ్‌ఫ్రమ్‌స్ట్రీమ్ వాడండి.

ప్రశ్న: పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్‌ను (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు) బట్టి ధర కట్టే పైథాన్ ప్రోగ్రామ్ ఉంది. ధర మాడ్యూల్ మార్చి ఇంపోర్ట్‌లిబ్.రీలోడ్ చేస్తే కొన్ని చోట్ల కొత్త ధర, కొన్ని చోట్ల పాత ధర వస్తోంది. – పలమనేరు పాఠకుడు

జవాబు: రీలోడ్ ఆ మాడ్యూల్ కోడ్‌ను అదే మాడ్యూల్ ఆబ్జెక్టులో మళ్లీ నడుపుతుంది, అంతకుమించి ఏదీ ముట్టుకోదు. ‘ఫ్రమ్ ధర ఇంపోర్ట్ లెక్క’ అని తెచ్చుకున్న చోట పాత లెక్కే ఉంటుంది. ముందే తయారైన ఆబ్జెక్టులు పాత క్లాసుకే చెందుతాయి, కొత్త క్లాసుతో ఈజ్‌ఇన్‌స్టన్స్ అడిగితే ఫాల్స్ వస్తుంది. మాడ్యూల్ లోంచి మీరు తీసేసిన ఫంక్షన్ కూడా పోదు, పాత పేరు డిక్షనరీలో అలాగే ఉండిపోతుంది. అన్నిచోట్లా మాడ్యూల్ పేరుతో, ధర.లెక్క అని పిలిస్తే, రీలోడ్ తర్వాత ఆబ్జెక్టులు కొత్తగా తయారుచేస్తే గందరగోళం చాలావరకు పోతుంది.

కానీ మీ ఫైలు చూస్తే మార్చుతున్నది అంకెలనే: వెన్న కిలోకు ఇంత, ఎస్ఎన్ఎఫ్ కిలోకు ఇంత, ఫలానా శాతం దిగితే ఇంత కోత. అంకెలు కోడ్ కావు. వాటిని ఎస్‌క్యూఎల్ఐట్ డేటాబేస్ పట్టికలో, అమల్లోకి వచ్చే తేదీ, పూట కాలమ్‌లతో పెట్టండి. ప్రతి రసీదు వేసేటప్పుడు ఆ పూట వరసను చదవండి. పాత రసీదు మళ్లీ తీసినా అప్పటి ధరే వస్తుంది, రైతుతో తగాదా రాదు. చిత్తూరు పాఠకుడు కూడా తన రేటు జార్‌లో ఎంత భాగం నిజంగా లెక్క పద్ధతో, ఎంత భాగం కేవలం ధరో ఒకసారి విడదీసి చూడాలి. ధర ఒక్కటే మారిన రోజుల్లో జార్ ఎక్కించనే అక్కర్లేదు.

ప్రశ్న: మా లాడ్జి బుకింగ్ సైటు టామ్‌క్యాట్‌లో (జావా వెబ్ సర్వర్) ఉంది. బ్రహ్మోత్సవాల రద్దీలో కొత్త వార్ ఫైలు (సైటు కోడ్ మూట) పెట్టాలంటే, సగం ఫారం నింపినవాళ్ల సెషన్లు పోతాయని భయం. పైగా రీలోడ్ చేసినప్పుడల్లా, అప్లికేషన్ ఒక థ్రెడ్ మొదలుపెట్టి ఆపలేదని లాగ్‌లో హెచ్చరిక వస్తోంది. – తిరుపతి పాఠకుడు

జవాబు: హెచ్చరికలో థ్రెడ్ పేరు ఉంటుంది, ముందు దాన్ని పట్టుకుని కాంటెక్స్ట్ లిజనర్‌లోని కాంటెక్స్ట్‌డిస్ట్రాయ్డ్‌లో (అప్లికేషన్ ఆగేటప్పుడు టామ్‌క్యాట్ పిలిచే మెథడ్) ఆపండి. మేనేజర్ పేజీలోని ‘ఫైండ్ లీక్స్’ బటన్ దిగని పాత ప్రతులు ఏవో చెబుతుంది. అయితే అది పూర్తి గార్బేజ్ కలెక్షన్ చేయిస్తుంది కాబట్టి రద్దీ గంటల్లో నొక్కకండి. థ్రెడ్‌లోకల్ లీకులు వచ్చినప్పుడు టామ్‌క్యాట్ తన పూల్‌లోని థ్రెడ్‌లను కాలక్రమేణా కొత్తవాటితో మారుస్తుంది, మీ సొంత పూల్‌లో అలా జరగదు.

సెషన్ల కోసం టామ్‌క్యాట్ 7 నుంచి ఒక చక్కని సదుపాయం ఉంది. వార్ ఫైలు పేరు చివర రెండు హ్యాష్ గుర్తులు, ఆ తర్వాత వెర్షన్ పెట్టాలి: బుకింగ్##001.వార్ నడుస్తుండగా బుకింగ్##002.వార్ పక్కన పెడితే రెండూ ఒకే చిరునామాలో నడుస్తాయి. పాత సెషన్ ఉన్నవాళ్లు 001లోనే తమ ఫారం ముగిస్తారు, కొత్తగా వచ్చినవాళ్లు 002కు వెళతారు. సర్వర్ కాన్ఫిగరేషన్‌లో హోస్ట్‌కు అన్‌డిప్లాయ్‌ఓల్డ్‌వెర్షన్స్‌ను ట్రూ చేస్తే, చివరి సెషన్ అయిపోయాక 001ను టామ్‌క్యాటే తీసేస్తుంది. దీనికి ఆటోడిప్లాయ్ కూడా ట్రూగా ఉండాలి. రెండు ప్రతులూ కొంతసేపు కలిసి ఉంటాయి కాబట్టి హీప్, మెటాస్పేస్, డేటాబేస్ కనెక్షన్లు మూడూ రెండింటికి సరిపడా ఉంచండి. కొత్త ప్రతి డేటాబేస్ పట్టికలో కాలమ్ పేరు మార్చితే పాత ప్రతి ఆగిపోతుంది. ఉత్సవాల రోజుల్లో కాలమ్‌లు కలపడమే చేయండి, తీయడం తర్వాత. వెర్షన్‌ను 1, 2 అని కాకుండా 001, 002 అనే పెట్టండి. టామ్‌క్యాట్ వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా పోలుస్తుంది, దాని లెక్కలో 10 కంటే 2 పెద్దది. పదో ప్రతి పెట్టిన రోజు కొత్త యాత్రికులంతా తొమ్మిదో ప్రతికే వెళుతుంటారు.